నిటారుగా పట్టుకోవాలి

వాడిన సిలిండరు తేలిగ్గా ఉండాలి. మంటలార్పే సిలిండర్లు నింపే ఈ పనిలోకి వచ్చిన మొదటి రోజు నేర్చుకునేది అదే. మంట మీదికి పొడి చిమ్మేశాక ఇనప డొల్ల తప్ప ఏమీ మిగలదు. ఒంటిచేత్తో ఎత్తి పక్కన పెట్టేయొచ్చు. ఆ ఉదయం లాండ్రీ వ్యాను దించి వెళ్ళిన మూడు ఎర్ర సిలిండర్లలో మొదటిదాన్ని పొడిమేస్త్రి అలాగే ఒంటిచేత్తో ఎత్తబోయాడు. భుజం దగ్గర కలుక్కుమంది.

రెండో చెయ్యి కూడా వేసి ఎత్తి కాటా మీద పెట్టాడు.

"ఎంతుందండీ?" బల్ల దగ్గర ట్యాగులు రాస్తున్న భార్య తలెత్తకుండానే అడిగింది.

ఆమే లేచి వచ్చి చూసింది. రిజిస్టరు వెనక్కి తిప్పి, ఆరు నెలల కిందట తన చేత్తోనే రాసిన బరువు చూసింది. మళ్ళీ కాటా వంక చూసింది.

"వంద గ్రాములు తగ్గింది," అంది. "ఆరు కిలోల పొడి పోశాం. వంద గ్రాములు బయటికొచ్చి మంటార్పుతుంటే మిగతాది లోపల కూర్చుని ఏం చేస్తున్నట్టు?"

ఎగతాళికి అన్నది కాదు. భయం వేసినప్పుడు ఆమె నోట మాట అలాగే వంకరగా వస్తుంది.

మిగతా రెండూ తూచారు. అవీ అంతే.

నాలుగు రోజుల కిందట లాండ్రీలో మంటలు లేచాయి. ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ళ తువ్వాళ్ళూ ఉతికే పెద్ద లాండ్రీ అది. బట్టలు ఆరబెట్టే యంత్రాల వెనక పేరుకున్న నూగు అంటుకుంది. ఇస్త్రీ గదికి సూపర్‌వైజరు పొడిమేస్త్రి అక్క. పనివాళ్ళందరినీ బయటికి తోలి, తను సిలిండరు అందుకుంది. ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. నిన్నటిదాకా భర్తను తప్ప ఎవరినీ లోపలికి రానివ్వలేదు. మేనేజరు నిన్న ఫోను చేసి, "మూడు వాడేశారండీ, నింపి పంపండి," అన్నాడు. ఫోను పెట్టేసే ముందు గుర్తొచ్చినట్టు, "మీ అక్కగారికెలా ఉంది?" అని కూడా అడిగాడు.

పొడిమేస్త్రి సిలిండరును తలకిందులు చేసి అడుగున చెవి ఆనించాడు. లోపల పొడి బాగుంటే ఇసక జారినట్టు జర్రుమని చప్పుడవుతుంది. ఏమీ వినపడలేదు. రబ్బరు సుత్తితో కొట్టాడు. గోడను కొట్టినట్టుంది. వాల్వు విప్పి పైకి లాగితే లోపలి గొట్టం వెంటనే రాలేదు. మెలితిప్పి లాగాక, సిమెంటులోంచి చువ్వ ఊడినట్టు ఊడొచ్చింది. దాని వెనక ఒక గుండ్రటి కన్నం మిగిలింది. గాలి పోవడానికి దారి ఉంది. పొడి కదలడానికి లేదు. స్క్రూడ్రైవరు పెట్టి పొడిస్తే బొటనవేలంత తెల్లటి గడ్డ విరిగి అరచేతిలో పడింది. సున్నపురాయిలా ఉంది.

"వానరోజు సరుకు," అంది భార్య.

ఆ మాట అతనికి చెప్పక్కర్లేదు. ఆరు నెలల కిందట నీళ్ళ పరీక్ష పడింది. కొన్నేళ్ళకోసారి సిలిండర్ల నిండా నీళ్ళు పోసి, ఒత్తిడి పెట్టి, డొల్ల గట్టిగా ఉందో లేదో చూడాలి. అయ్యాక బోర్లించి రెండు రోజులు ఆరబెట్టాలి. చుక్క తడి ఉన్నా పొడి పట్టేసుకుంటుంది. అప్పుడు నాలుగు రోజులుగా ముసురు. లాండ్రీవి పదకొండు, అక్క ఇంట్లో వంటగదిది ఒకటి, మొత్తం పన్నెండు షెడ్డులో బోర్లించి ఉన్నాయి. అక్క ఫోను చేసింది: "ఎల్లుండి తనిఖీకి వస్తున్నారట్రా. గోడలన్నీ బోసిగా ఉన్నాయి. రేపటికల్లా తగిలించకపోతే మా మేనేజరు ఇంకొకడిని పిలుస్తానంటున్నాడు. నా పరువు తియ్యకు."

కర్రకి గుడ్డ చుట్టి లోపల తుడిచాడు. జుట్టు ఆరబెట్టుకునే మిషను పెట్టి ఒక్కోదానిలో పది నిమిషాలు వేడిగాలి కొట్టాడు. భార్య పొడి డ్రమ్ము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "వాన కురుస్తుంటే మూత తియ్యొద్దని మీరే కదండీ అందరికీ చెప్పేది."

"ఒక్క పూటకి ఏం కాదులేవే," అన్నాడు.

ఆమె చెయ్యి తీసేసింది. పొడి జల్లించింది ఆమే, తూచిందీ ఆమే. నైట్రోజన్ ఎక్కిస్తే గేజిలో ముల్లు పచ్చలోకి వచ్చి నిలబడింది. సబ్బునీళ్ళలో ముంచితే ఒక్క బుడగ రాలేదు. బరువు సరిపోయింది, ట్యాగు కట్టారు. తనిఖీకి వచ్చినాయన కూడా ముల్లు చూశాడు, ట్యాగు చూశాడు, బాగుందన్నాడు. పైనుంచి చూసేవాడికి తప్పు పట్టడానికి వెంట్రుకవాసి సందు లేదు.

"ఇవాళే వెళ్ళి వదినకి చెప్పండి," అంది భార్య. "ఆమెకి ముందు చెప్పండి. తర్వాత ఎవరికి చెప్పాలో చూద్దాం."

తెల్లటి గడ్డను రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

*

ఆసుపత్రిలో అక్క పక్కన బావ ఉన్నాడు. సిటీ బస్సు నడుపుతాడు. వేళాకోళం లేకుండా బావమరిదిని ఏనాడూ పలకరించి ఎరగడు. సాయంత్రానికి కనురెప్పల దాకా తెల్లబడి వచ్చేవాణ్ణి చూసి పొడిమేస్త్రి అని పేరు పెట్టింది ఆయనే. "నీ వ్యాపారమే వ్యాపారం బావమరిదీ," అనేవాడు. "అమ్మిన సరుకు ఎవడూ వాడి చూడడు." ఆ రోజు మాత్రం వేళాకోళం లేదు. "వచ్చావా. నేను కాస్త గొంతు తడుపుకుని వస్తా," అని లేచి వెళ్ళాడు.

అక్కకి రెండు చేతులూ మోచేతుల పైదాకా కట్లు. మొహం సగం కనపడుతోంది. పొగ పట్టిన గొంతు చెక్కమీద ఆకురాయి రాసినట్టుంది.

"ఆ స్టూలు మీద కూర్చోకు. దానికో కాలు పొట్టి. ఇటు మంచం మీదికి రా."

"నొప్పిగా ఉందా అక్కా?"

"నొప్పి సంగతి డాక్టరు చూసుకుంటాడు. నువ్వు చెప్పాల్సింది వేరే ఉంది. నాలుగు రోజుల్నుంచి అడుగుదామని చూస్తున్నా." కాసేపు ఊపిరి తీసుకుంది. "పిన్ను లాగాను. నువ్వు చూపించినట్టే మెలితిప్పి లాగాను. ఆరడుగుల దూరంలో నిలబడ్డాను. మంట కొసకి కాదు, మొదలుకి గురిపెట్టాను. నొక్కితే బుస్సుమని గాలొచ్చింది. ఒట్టి గాలేరా. సరే, ఇది పాడైందేమోనని రెండోది తెచ్చాను. అదీ అంతే. మూడోదీ అంతే. మూడూ పాడై ఉండవు కదా. మూడుసార్లూ మారనిదాన్ని నేనొక్కదాన్నే. నేనేం తప్పు చేశాన్రా?"

పదేళ్ళు పెద్దది. అతనికి సైకిలు తొక్కడం నేర్పింది, ఎక్కాలు నేర్పింది, మొదటి ఉద్యోగంలో అతన్ని తీసేస్తే వెళ్ళి ఆ యజమానిని కడిగి పారేసింది. ఏ లెక్క చేసినా సున్నా దగ్గర్నుంచి మొదలుపెట్టి తన తప్పు ఎక్కడుందో వెతుక్కునే మనిషి.

"మొదటిది రానప్పుడే బయటికి పరిగెత్తాల్సింది," అన్నాడు.

"ఎలా పోతాను? నువ్వు నింపినవి గోడకి ఇంకా పది ఉన్నాయి కదా."

అతని చెయ్యి జేబులో రుమాలును పట్టుకుంది. గడ్డ అంచు వేలికి గుచ్చుకుంటోంది. బయటికి తీసి దుప్పటి మీద పెడితే చాలు, మాటలక్కర్లేదు.

"ఒరే," అంది అక్క. "కంగారులో వంచి పట్టుకున్నానేమో. తలకిందులైతే గాలే వస్తుంది, పొడి రాదు, నిటారుగా పట్టుకోవాలని నువ్వే చెప్పావుగా. అలా ఏమైనా చేశానా?"

కట్ల మధ్య కనపడే ఆమె ఒక్క కన్నూ అతని మొహం మీదే ఉంది. జవాబు కోసం చూస్తున్న కన్ను కాదది. జవాబు ఇచ్చేసి, ఔననమని అడుగుతున్న కన్ను.

"అయ్యుండొచ్చక్కా," అన్నాడు.

ఆమె తల దిండు మీదికి వాలింది. "అదీ సంగతి. అనుకుంటూనే ఉన్నాను." కాసేపటికి నవ్వబోయి, పెదవి లాగి మానుకుంది. "పోనీలే. నీ పని బాగానే ఉందన్నమాట. నా మూలాన నీకు మాట వస్తుందేమోనని అదే బెంగగా ఉంది."

బావ తిరిగి వచ్చేసరికి ఆమె నిద్రపోతోంది. "ఇన్ని రోజుల్లో ఇలా నిద్రపోవడం ఇప్పుడే," అన్నాడు బావ. "ఏం చెప్పావేంటి?"

"ఏం లేదు బావా," అన్నాడు పొడిమేస్త్రి.

*

"చెప్పారా?" అంది భార్య.

అతను జేబులోంచి రుమాలు తీసి బల్ల మీద పెట్టాడు. కట్టిన ముడి కట్టినట్టే ఉంది. ఆమె ముడి వంకే చూసింది.

"తనే అంది, వంచి పట్టుకున్నానేమోనని. కాదనలేకపోయాను. ప్రశాంతంగా నిద్రపోయిందే."

"మీరు?"

అతను రుమాలును బల్ల చివరికి జరిపాడు.

"ఆదివారం చెప్తాను," అన్నాడు చివరికి. "కాస్త కోలుకోనీ. ముందు మిగతావి గోడల మీంచి దించాలి."

ఆ పని మాత్రం ఆ మధ్యాహ్నమే చేశాడు. లాండ్రీకి వెళ్ళి, ప్రమాదం జరిగింది కాబట్టి అన్నీ ఓసారి విప్పి చూస్తానని మిగిలిన ఎనిమిదీ తెచ్చాడు. తెచ్చినచోట మంచివి పెట్టి వచ్చాడు. ఎనిమిదింట్లోనూ రాయే. ఉలి పెట్టి పగలగొట్టి తీశారు. డొల్లలు కడిగి మూడు రోజులు ఎండలో బోర్లించారు. ఆ మూడు రోజులూ మబ్బు ముక్క లేకుండా ఎండ కాసింది. పగలగొట్టిన గడ్డలు రెండు గోనెసంచులయ్యాయి. భార్య వాటిని ఎత్తి పారెయ్యనివ్వలేదు, మూలన అలాగే ఉంచింది. పనిలో అవసరమైనంతవరకే మాట్లాడుతోంది. "పాన ఇవ్వండి." "అటు జరగండి." అంతే.

మూడో రోజు అక్క దగ్గరికి విచారణ అధికారి వచ్చి వెళ్ళాడని బావ ఫోనులో చెప్పాడు. చేతులకి కట్లుండి సంతకం చెయ్యలేదు కాబట్టి, ఆమె చెప్పింది రాసుకుని, నర్సు చేత సాక్షి సంతకం పెట్టించాడట. "సిలిండర్లు బాగానే ఉన్నాయి, నేనే తలకిందులుగా పట్టుకున్నాను అని చెప్పింది బావమరిదీ. మూడుసార్లు చదివించుకుని వింది. నీ పేరు ఎక్కడా రాకుండా చూసుకుంది. మనిషి మాత్రం బాగా నీరసంగా ఉంది."

మర్నాడు లాండ్రీ మేనేజరు కబురు పెట్టాడు. మీ అక్కగారు చేసిన పొరపాటు ఇంకెవరూ చెయ్యకుండా పనివాళ్ళకి ఓసారి చూపించమన్నాడు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. వెళ్ళాడు.

ఇస్త్రీ గది గోడ ఒకవైపు ఇంకా నల్లగానే ఉంది. కొత్తగా ఒక కాగితం అంటించారు: నిటారుగా పట్టుకోవాలి. పెరట్లో రేకు డబ్బాలో చిన్న మంట పెట్టి, కొత్తగా నింపిన సిలిండరుతో ఆర్పి చూపించాడు. తెల్లటి మేఘం లేచింది. మంట ఆరిపోయింది. తర్వాత అదే సిలిండరును తలకిందులు చేసి నొక్కాడు. గాలి బుస్సుమంది. పొడి రాలేదు.

"చూశారా," అన్నాడు మేనేజరు. "అంతే తేడా."

ఆడవాళ్ళలో ఒకామె ముందుకొచ్చింది. కళ్ళజోడు ఒక పక్క దారంతో కట్టి ఉంది. దుప్పట్లు మడతపెట్టే ఆమె, అక్కతో పదిహేనేళ్ళు పక్కపక్కన పనిచేసిన మనిషి. "ఆమె తలకిందులు చెయ్యలేదండీ," అంది. "నేను గుమ్మంలోంచి చూశాను. ఇదిగో, ఇలాగే పట్టుకుంది, మీరు ఇందాక పట్టుకున్నట్టు."

"పొగలో ఏం కనపడుతుందమ్మా," అన్నాడు మేనేజరు. "ఆమే ఒప్పుకుంది కదా. కాగితం మీద ఉంది."

"పొగ నాకు కమ్మింది గానీ ఆమె నాకు కనపడుతూనే ఉందండీ." ఆ మాట మేనేజరుతో అని, మొహం పొడిమేస్త్రి వైపు తిప్పింది. "మీరు చెప్పండి. మీ అక్కే కదా."

అతను సిలిండరు మూతి గుడ్డతో తుడుస్తున్నాడు. అక్కర్లేని చోట కూడా తుడిచాడు. ఆమె ఇంకాసేపు నిలబడి, వెనక్కి వెళ్ళి తన వరసలో కలిసిపోయింది.

ఆదివారం రాకముందే, శనివారం పొద్దున అక్క గొంతులో గొట్టం వేశారు. మందు ఇచ్చి నిద్రపుచ్చారు. పొడిమేస్త్రి మధ్యాహ్నం వెళ్ళాడు. ఒక కాలు పొట్టి ఉన్న స్టూలు మీదే కూర్చున్నాడు. వంగి చెవి దగ్గర, "అక్కా," అన్నాడు. యంత్రం ఊపిరి తీసి వదిలింది.

"వినపడదండీ," అంది నర్సు, సెలైను మారుస్తూ. "మెలకువ వచ్చాక మాట్లాడుదురుగాని."

మెలకువ రాలేదు. సోమవారం సాయంత్రం పోయింది.

*

పన్నెండోది మిగిలింది. అక్క ఇంట్లో వంటగది గుమ్మం పక్కన తగిలించి ఉన్నది.

కర్మలయ్యాక నెల రోజులు అతను ఆ ఇంటి వీధిలోకి తిరగలేదు. భార్య మాత్రం రోజూ పొద్దున్నే గుర్తుచేసేది. "అక్కడ ఒక మనిషి పొయ్యి వెలిగించుకుంటున్నాడు. ఆ గోడ మీద రాయి వేలాడుతోంది." చివరికి ఒక రోజు మంచిది ఒకటి తనే నింపి, తనే తూచి, సంచిలో పెట్టి అతని బండికి కట్టింది.

బావ ఇంట్లోనే ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. వంటగదిలో ఒకే గిన్నె, ఒకే గ్లాసు కడిగి బోర్లించి ఉన్నాయి. సిలిండరుకి అక్క పువ్వుల గుడ్డతో తొడుగు కుట్టి వేసింది. ముల్లు కనపడాలని గేజి దగ్గర గుండ్రంగా కత్తిరించి, అంచు మడిచి కుట్టింది. ముల్లు పచ్చలోనే ఉంది.

"ఇది మార్చి వేరేది పెడదామని వచ్చాను బావా."

"ఎందుకు? దీనికేమైంది? ముల్లు పచ్చలోనే ఉందిగా. మీ అక్క రోజూ చూసేది. బస్సెక్కే ముందు నేను బ్రేకు చూసుకున్నట్టు."

"తేదీ అవుతోంది."

బావ తొడుగు విప్పి, ట్యాగు మీది తేదీ చూశాడు. గడువు ఇంకా నెలలుంది. తొడుగును నాలుగు మడతలు పెట్టి చేతిలోనే ఉంచుకున్నాడు.

"సరే, మారుద్దువుగాని. ముందు నాకొకటి చూపించు. మీ అక్క ఏం తప్పు చేసిందో చూపించు. ఆఫీసు కాగితంలో రాశారు, లాండ్రీ గోడ మీద రాశారు. అందుకే మాకు రావాల్సిన పరిహారమేమీ లేదని కూడా చెప్పేశారు, దాని సంగతి వదిలెయ్. నాకు అర్థం కావట్లేదు. ముప్పై ఏళ్ళు కాపురం చేశాను. నిండు గిన్నె ఇటుది అటు పెట్టినా చుక్క ఒలకనిచ్చే మనిషి కాదు. మూడుసార్లు ఎలా వంచింది?"

ఇద్దరూ పెరట్లోకి వచ్చారు. బట్టలు ఆరేసే తీగ కింద సిమెంటు గచ్చు. సంచీ గోడకి ఆనించి ఉంది. అందులో మంచి సిలిండరు. అది తీసి నిటారుగా పట్టి నొక్కితే తెల్లటి మేఘం లేస్తుంది. తలకిందులు చేసి నొక్కితే గాలొస్తుంది. లాండ్రీలో చూపించినట్టే. బావ నమ్ముతాడు. ఆ తర్వాత అది నిజమే అయిపోతుంది, ఇక ఎవరూ అడగరు. పొడిమేస్త్రి చెయ్యి సంచీ దాకా వెళ్ళింది. తాడు ముడి కూడా పట్టుకుంది.

ముడి విప్పలేదు. లోపలికి వెళ్ళి గోడ మీద ఉన్నదే దించుకుని వచ్చాడు.

పిన్ను మెలితిప్పి లాగాడు. రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి నిలబడ్డాడు. ఎడమచేత్తో మూతి ముందుకి పట్టి, సిలిండరును గచ్చుకి నిలువుగా, ఇంత వాలు కూడా లేకుండా పట్టుకున్నాడు. నొక్కాడు.

బుస్సుమని గాలొచ్చింది. చిటికెడు తెల్లటి దుమ్ము అతని చెప్పు మీద రాలింది.

"వంచావేమో బావమరిదీ," అన్నాడు బావ. "మళ్ళీ నొక్కు."

మళ్ళీ నొక్కాడు. ముల్లు పచ్చలోంచి ఎరుపులోకి, అక్కణ్ణుంచి సున్నాకి దిగేదాకా నొక్కే ఉంచాడు. చప్పుడు సన్నబడి ఆగిపోయింది.

"వంచలేదు బావా. నిటారుగానే పట్టుకున్నాను."

"ఆమె?"

"ఆమె కూడా."

బావ గచ్చు అంచున కూర్చున్నాడు. చేతిలో తొడుగు విప్పాడు. గేజి కోసం కత్తిరించిన గుండ్రటి కన్నంలోంచి వేలు పోనిచ్చి, కుట్టు అంచు చుట్టూ తిప్పుతూ కూర్చున్నాడు. పక్కింట్లో ఎవరో బకెట్టులో నీళ్ళు పడుతున్నారు. అది నిండింది, పొర్లింది, కొళాయి కట్టేశారు.

"ఈ మాట మీ అక్కకి చెప్పావా?"

పొడిమేస్త్రి సిలిండరు కింద పెట్టాడు.

"నన్ను అడిగింది రాత్రీ పగలూ," అన్నాడు బావ. "నువ్వు రాకముందు నాలుగు రోజులూ. ఏం తప్పు చేశానయ్యా, ఏం తప్పు చేశానయ్యా అని. నాకేం తెలుసు, మీ తమ్ముణ్ణే అడుగు, వాడు చెప్తాడు అన్నాను." వేలు తిప్పడం ఆపాడు. "నేనే చెప్పాను, నిన్ను అడగమని."

తిడతాడని కాసేపు నిలబడి చూశాడు పొడిమేస్త్రి. అదీ జరగలేదు. బావ లేచి, తొడుగు భుజాన వేసుకుని, లోపలికి వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"ఆ సంచీలోది కూడా తీసుకుపో. నాకొద్దు. ఈసారి మంట లేస్తే పరిగెత్తుతాను."

తలుపు వేసుకున్నాడు. గడియ పడిన చప్పుడు వినపడింది.

పొడిమేస్త్రి రెండు సిలిండర్లూ బండికి చెరోవైపు కట్టాడు. ఒకటి కొత్తది, ఒకటి ఇప్పుడే వాడింది. వాడింది తేలిక కాబట్టి బండి ఒక పక్కకి ఒరగాలి. స్టాండు తీసి రెండు చేతులతో పట్టుకుని చూశాడు. ఎటూ ఒరగలేదు. కాసేపు అలాగే పట్టుకుని, తర్వాత వీధిలోకి నడిపించుకుని వెళ్ళాడు.